యాడ్స్ సర్దుకోవాలా, కొత్త పోస్టులు రాయాలా? సైటు ఆదాయం పెంచుకోవాలనుకునే మనవాళ్లకి

పోయిన నెల మద్దిలపాలెంలో టీ తాగుతుంటే గాజువాక తమ్ముడొకడు పట్టుకున్నాడు. ఫిట్టర్ ట్రేడులో ఐటీఐ చేసి, అప్రెంటిస్ కూడా పూర్తి చేసి, ఇప్పుడు ఖాళీ సమయంలో ఐటీఐ పిల్లల కోసం తెలుగులో ఒక సైటు నడుపుతున్నాడు. ట్రేడ్ థియరీ నోట్సు, పాత ప్రశ్నలు, వర్క్‌షాప్ లెక్కలు అన్నీ పెడతాడు. "అన్నా, నలభై పోస్టులు రాశాను, రోజుకి రెండొందల మందే వస్తన్నారు. డబ్బులు చూస్తే ఫోన్ రీచార్జికి కూడా చాలట్లేదు. ఏటి చెయ్యమంటావు, ఇంకో నాలుగు యాడ్స్ పెట్టీమంటావా, ఇంకో నలభై పోస్టులు రాసీమంటావా?" అన్నాడు.

ఆ వారంలోనే సీతమ్మధారలో ఉండే మా పెద్దమ్మ కూతురు ఇదే ప్రశ్న ఇంకో వైపు నుంచి అడిగింది. అక్కది వంటల సైటు, ఆరేళ్లుగా రాస్తోంది, చదివేవాళ్లకి లోటు లేదు. "వారానికి రెండు వంటలు చేసి, ఫొటోలు తీసి, రాసి అలిసిపోతున్నాన్రా. డబ్బులు మాత్రం రెండేళ్లుగా అక్కడే ఉన్నాయి. ఇంకా ఎక్కువ రాయాలంటావా?" అని.

తమ్ముడికి యాడ్స్ జోలికి వెళ్లొద్దని చెప్పాను. అక్కకి ఒక నెల కొత్త వంటలు ఆపేసి యాడ్స్ సంగతి చూడమన్నాను. ప్రశ్న ఒకటే అయినా జవాబులు ఎందుకు వేరయ్యాయో వివరంగా రాస్తే ఇంకా చాలామందికి పనికొస్తుందనిపించింది, ఎందుకంటే నా సైటు విషయంలో ఈ నిర్ణయం తప్పుగా తీసుకుని దాదాపు ఒక ఏడాది పోగొట్టుకున్నాను. నాది విశాఖ చుట్టుపక్కల గుళ్లు, ఊళ్లు, ప్రయాణాల గురించిన సైటు.

ముందు లెక్క చూడండి

మన సైట్లలో యాడ్స్ చూపించి డబ్బు ఇచ్చే గూగుల్ సేవ యాడ్‌సెన్స్. అందులో ఆర్‌పీఎం అని ఒక అంకె కనిపిస్తుంది. వెయ్యి పేజీ వ్యూస్‌కి, అంటే పేజీలు వెయ్యిసార్లు తెరుచుకుంటే, మీకు ఎంత వస్తోందో చెప్పే అంకె అది. మీ నెల ఆదాయం అంటే ఆ నెల పేజీ వ్యూస్‌ని వెయ్యితో భాగించి ఆర్‌పీఎంతో గుణించడమే. యాడ్స్ మీద చేసే పనంతా ఆర్‌పీఎంని పెంచుతుంది, కొత్త పోస్టుల పని పేజీ వ్యూస్‌ని పెంచుతుంది. ఏది ముందు అన్నది ఇప్పుడు మీ దగ్గర ఏది ఎంత ఉందన్నదాన్ని బట్టే తేలుతుంది.

తమ్ముడి సైటుకి నెలకి 6,000 వ్యూస్, ఆర్‌పీఎం 40 రూపాయలు అనుకుందాం. నెలకి 240 రూపాయలు. రెండు రోజులు కూర్చుని యాడ్స్ అద్భుతంగా సర్ది ఆర్‌పీఎంని సగం పెంచాడనుకోండి, 60 అయింది, ఆదాయం 360 అయింది. అంటే రెండు రోజుల కష్టానికి నెలకి 120 రూపాయలు ఎక్కువ. యాడ్‌సెన్స్ 100 డాలర్లు పోగయితే గానీ డబ్బు పంపదు, అంటే మన లెక్కలో ఎనిమిది వేల పైమాటే. నెలకి 240 చొప్పున అది మూడేళ్లు, 360 చొప్పున రెండేళ్లు. ఇలా చూసినా అలా చూసినా మొదటి జీతం కోసం ఏళ్లు ఆగాల్సిందే.

అదే అక్క సైటుకి నెలకి 2,00,000 వ్యూస్ అనుకోండి, అదే 40 రూపాయల ఆర్‌పీఎం. నెలకి 8,000. అవే రెండు రోజుల పని చేసి 60కి తెస్తే 12,000. నెలకి నాలుగు వేలు, అదీ ఆ తర్వాత ఏమీ చెయ్యకుండానే ప్రతి నెలా. ఇందులో ఇంకో కోణం ఉంది, అక్క కొత్త వంటలతోనే ఆ నాలుగు వేలు తేవాలంటే ఇంకో లక్ష వ్యూస్ కావాలి, ఇప్పుడు ఆరేళ్లలో పోగైన చదువరుల్లో సగం మంది కొత్తగా రావాలి. వారానికి రెండు వంటలతో అది ఎప్పటికి అవుతుందో ఆవిడకే తెలుసు.

అనకాపల్లి వైపు బెల్లం ఆడేవాళ్లని చూసినవాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. గానుగ వదులుగా ఉంటే రసం పిప్పిలోనే పోతుంది, బిగించుకోవాలి. కానీ చెరకు రెండు మోపులే ఉంటే ఎంత బిగించినా పెనం నిండదు.

యాడ్స్ పని అంటే అసలు ఏమిటి

చాలామంది యాడ్స్ సర్దడం అంటే యాడ్స్ ఎక్కువ పెట్టడం అనుకుంటారు. మా ఊళ్లోనే ఒకాయన, సైట్ల ఆదాయం మూడింతలు చేస్తానని డబ్బు తీసుకుని, నేను సరేనన్న పాపానికి నా పేజీల నిండా యాడ్స్ దింపాడు. మొదటి పది రోజులు అంకె పెరిగింది, నిజమే. తర్వాత జనం ఒక పేజీ చూసి వెళ్లిపోవడం మొదలైంది, రెండో పేజీకి వెళ్లేవాళ్లు లేరు, అరకు వెళ్లే రైలు గురించి చదవడానికి వచ్చినవాడికి రైలు కంటే ముందు ఐదు యాడ్స్ కనపడితే ఎందుకుంటాడు? ఆ తప్పు సరిదిద్దుకోవడానికి నాకు నెలలు పట్టింది.

యాడ్స్ ఎక్కువయితే చదివేవాళ్లు చిరాకు పడటంతోనే అయిపోదు. మొబైల్ పేజీలో యాడ్స్ ఎత్తు అసలు విషయం ఎత్తులో 30 శాతం దాటితే అది యాడ్స్ రంగంలోని కంపెనీలు కలిసి పెట్టుకున్న బెటర్ యాడ్స్ ప్రమాణాలకి విరుద్ధం, 2019 జూలై నుంచి క్రోమ్ బ్రౌజర్ ప్రపంచమంతటా ఆ ప్రమాణాలు పాటించని సైట్లలో యాడ్స్‌ని ఆపేయగలదు. మన చదువరుల్లో ఎక్కువమంది ఆండ్రాయిడ్ ఫోన్లో క్రోమ్ వాడేవాళ్లే కాబట్టి ఇది మనకి బాగా తగులుతుంది.

ఇంకొకటి, పాత సలహాలు ఇంకా తిరుగుతున్నాయి, ఎలాగోలా క్లిక్కులు తెప్పించండి అని. యాడ్‌సెన్స్ 2023 నవంబరులో చెప్పి, 2024 మొదట్లో పద్ధతి మార్చేసింది. ఇప్పుడు ప్రధానంగా యాడ్ కనిపించినందుకే లెక్క కడుతుంది, క్లిక్కుకి కాదు. యాడ్ ఇచ్చేవాళ్లు కట్టే డబ్బులో మన వాటా మొత్తం మీద 68 శాతం చుట్టూనే ఉంటుందని అప్పుడే చెప్పారు. కాబట్టి ఇప్పుడు ముఖ్యమైన మాట కనిపించడం. యాడ్‌లో సగం భాగం కనీసం ఒక సెకను తెర మీద ఉంటేనే చూసినట్టు లెక్క, అదీ ఈ రంగంలో అందరూ ఒప్పుకున్న కొలత. పేజీ పై అంచున పెట్టిన పెద్ద యాడ్ లోడయ్యే లోపే జనం వేలితో కిందకి తోసేస్తారు, అందుకే పై అంచు మంచి చోటు అనుకోవడం మొబైల్లో చాలాసార్లు పొరపాటు. మొదటి రెండు పేరాల తర్వాత, చదివే మనిషి నెమ్మదించే చోట 300 బై 250 సైజు యాడ్ ఒకటి పెడితే అది నిజంగా కళ్లలో పడుతుంది.

అక్క సైటునే తీసుకోండి. ఆవిడ పేజీ పైన ఒక యాడ్, వంట మొత్తం అయిపోయాక అడుగున రెండు యాడ్స్ పెట్టింది. వంట సైటుకి వచ్చేవాళ్లు ఏం చేస్తారు? సరాసరి కావలసిన పదార్థాల దగ్గరికి దిగి, తర్వాత తయారీ విధానం చదువుతూ ఫోను గట్టు మీద పెట్టుకుని వండుకుంటారు. తాలింపు అయ్యేసరికి పేజీ అడుగుకి వెళ్లేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ రెండు యాడ్స్ ఎవరికీ కనిపించకుండా ఆరేళ్లు అక్కడే ఉన్నాయి. ఒకటి పదార్థాలకీ తయారీకీ మధ్యకి, ఇంకోటి తయారీ మధ్యలోకి తెచ్చాం. పేజీ మారేటప్పుడు తెరంతా కమ్మేసే యాడ్‌ని మాత్రం వంటల పేజీల్లో ఆపేయించాను, చేతికి పిండి అంటుకున్న మనిషి ఆ చిన్న గుర్తు నొక్కి మూయాలంటే ఎంత విసుగో ఆలోచించండి. అలాంటివాళ్లు మళ్లీ ఆ సైటుకి రారు.

యాడ్ కోసం ముందే ఖాళీ జాగా కేటాయించడం కూడా చాలామంది వదిలేస్తారు. యాడ్ ఆలస్యంగా లోడయ్యి, చదువుతున్న లైను దబ్బున కిందకి జారిపోతుంది కదా, దాన్ని గూగుల్ సీఎల్ఎస్ అనే కొలతతో చూస్తుంది, 0.1 లోపు ఉండాలి. కోడ్‌లో ఆ పెట్టెకి కనీస ఎత్తు రాసేస్తే సరిపోతుంది, పది నిమిషాల పని. బటన్ల పక్కన, మెనూ పక్కన యాడ్ పెట్టకండి, పొరపాటున వేలు తగిలి పడే క్లిక్కులు మీ అకౌంటుకే ముప్పు. స్నేహితులతో, చుట్టాలతో క్లిక్ చేయించడం అయితే అసలు ఆలోచించకండి, కనిపెడితే ముందు యాడ్స్ తగ్గించేస్తారు, మొండికేస్తే అకౌంటే పోతుంది, పోగైన డబ్బు కూడా పోతుంది.

గుళ్ల సైట్లు నడిపేవాళ్లకి ఒక మాట. యాడ్‌సెన్స్ సెట్టింగుల్లో కొన్ని రకాల యాడ్స్‌ని ఆపేసే వీలుంది. యాడ్ చోటు కోసం కంపెనీల మధ్య వేలం జరుగుతుంది, ఎన్ని ఆపితే అందులో పోటీ అంత తగ్గి రేటు కాస్త పడుతుంది, అది నిజం. అయినా సింహాచలం దర్శనం గురించి రాసిన పేజీలో జూదం లాంటి యాడ్ కనపడటం నాకు ఇష్టం లేదు, అలాంటివి ఆపేశాను, ఆ కాస్త డబ్బు వదులుకున్నాను.

యాడ్స్ మార్చి ఫలితం చూసేటప్పుడు నేను చేసిన తప్పు

ఒక ఏడాది మార్గశిరం మొదలయ్యే ముందు నా సైటులో యాడ్స్ చోట్లు మార్చాను. రెండు వారాల్లో ఆదాయం బాగా పెరిగింది. పెరిగింది యాడ్స్ వల్లే అని నమ్మేసి, ఆ తర్వాత నెలలు నెలలు కొత్తగా రాయడం మానేసి యాడ్స్ అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. మార్గశిర గురువారాలకి పాత నగరంలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి జనం ఎంత వస్తారో విశాఖవాళ్లకి తెలుసు, అదే సమయంలో లంబసింగి చలి, అరకు సీజను. నా పేజీలకి జనం వచ్చింది అందుకు. జనవరి రాగానే ఆదాయం పడిపోయింది, ఏడాది మొదట్లో కంపెనీలు యాడ్స్ ఖర్చు తగ్గించడం ఎక్కడైనా ఉండేదే, నేను మాత్రం నా యాడ్స్ చెడిపోయాయని మళ్లీ మార్చడం మొదలుపెట్టాను. ఆ మార్చుళ్లలోనే ఏడాది గడిచిపోయింది.

అందుకని చెబుతున్నాను, పోయిన నెలతో ఈ నెలని పోల్చొద్దు, పోయిన ఏడాది ఇదే కాలంతో పోల్చండి. అందులోనూ మన పండగలు తిథుల ప్రకారం వస్తాయి. సింహాచలం గిరి ప్రదక్షిణ ఆషాఢ పౌర్ణమికి, ముందు రోజు చతుర్దశి నాడే జనం కొండ దిగువ తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి నడక మొదలుపెడతారు. ఆ పౌర్ణమి 2024లో జూలై 21న వచ్చింది, 2025లో జూలై 10న వచ్చింది. ఈ రెండేళ్ల జూలై మొదటి పదిహేను రోజులని పక్కపక్కన పెట్టి చూస్తే 2025లో సైటు ఎగిరిపోయినట్టు కనిపిస్తుంది, నెల రెండో సగం చూస్తే కూలిపోయినట్టు కనిపిస్తుంది. రెండూ నిజం కాదు. అధిక మాసం వచ్చిన ఏడాది ఈ తేడా ఇంకా పెద్దది. పంచాంగం పక్కన పెట్టుకుని రిపోర్టు చూసే అలవాటు నాకు అప్పటి నుంచే.

యాడ్‌సెన్స్‌లోనే ఎక్స్‌పరిమెంట్స్ అని ఉంటుంది, వచ్చేవాళ్లని రెండు భాగాలు చేసి సగం మందికి పాత అమరిక, సగం మందికి కొత్తది చూపిస్తుంది. అలా చేస్తే పండగ అయినా వాన అయినా రెండు వైపులా సమానంగా పడుతుంది కాబట్టి తేడా నిజంగా యాడ్స్‌దే అని తెలుస్తుంది. అయితే దీనికి కూడా చదివేవాళ్లు తగినంతమంది ఉండాలి, రోజుకి రెండొందల మందితో వచ్చే తేడా కేవలం అదృష్టం కావచ్చు. తమ్ముడికి యాడ్స్ జోలికి వెళ్లొద్దని చెప్పడానికి ఇది రెండో కారణం. అతను మార్చినా, మంచి జరిగిందో చెడు జరిగిందో తెలుసుకునే దారి లేదు.

మరి కొత్త పోస్టులు?

పోస్టుల పని నెమ్మది. ఈ రోజు రాసింది గూగుల్లో నిలదొక్కుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కానీ నిలబడ్డాక అది ఏళ్ల తరబడి జనాన్ని తెస్తుంది, యాడ్స్ పనికి ఉన్నట్టు దీనికి పై హద్దు లేదు. అందుకే సైటు చిన్నగా ఉన్నప్పుడు దీన్ని మించింది లేదని నేను గట్టిగా నమ్ముతాను, ఒక షరతు మీద, ఏం రాస్తున్నామో చూసుకుని రాస్తే.

తమ్ముడి నలభై పోస్టులు కూర్చుని చూశాను. సగానికి పైగా "ఫిట్టర్ అంటే ఏమిటి", "ఐటీఐ అర్హతలు" లాంటివి. ఇలాంటివి వందల సైట్లలో ఉన్నాయి, పైగా ఒక్క ముక్కలో జవాబు అయిపోయే ప్రశ్నలకి గూగులే పైన జవాబు చూపించేస్తోంది, కిందకి దిగి మన సైటు నొక్కేవాడు ఉండడు. కానీ వెర్నియర్ కాలిపర్‌లో లీస్ట్ కౌంట్ 0.02 మిల్లీమీటరు ఎలా వస్తుంది, మెయిన్ స్కేలు ఎక్కడ చదవాలి, పిల్లలు ఎక్కడ తప్పు చేస్తారు అని తన చేత్తో తీసిన ఫొటోలతో రాసిన ఒక్క పోస్టు ఉంది, అతనికి వచ్చే ట్రాఫిక్‌లో పెద్ద భాగం దానిదే. పదేళ్లు పాఠాలు చెప్పినవాళ్లు కూడా తెలుగులో అంత తేటగా రాయలేదు. మైక్రోమీటర్ మీద అలాంటిది రాయి, ఫైలింగ్ మీద రాయి, నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ పరీక్షకి నువ్వు ఎలా చదివావో రాయి అన్నాను. గాజువాకలో పుట్టి స్టీల్ ప్లాంటు సైరన్ వింటూ పెరిగినవాడికి తెలిసింది ఇంకెక్కడో కూర్చుని రాసేవాడికి తెలియదు, అదే అతని పెట్టుబడి.

రాయడానికి విషయాలు ఎక్కడ దొరుకుతాయంటే, గూగుల్ వెతుకులాటలో మన సైటు ఎలా ఉందో చూపించే సెర్చ్ కన్సోల్ తెరవండి, ఏ మాటలు వెతికినప్పుడు మీ పేజీ కనిపించిందో ఉంటుంది. చాలాసార్లు కనిపించినా ఎవరూ నొక్కని మాటలు, సగటు స్థానం పది నుంచి ఇరవై మధ్య ఉన్న మాటలు వెతకండి. జనం అడుగుతున్నారు, మీ జవాబు రెండో పేజీలో ఉండిపోయింది అని దానర్థం. ఇంకో సంగతి కూడా అక్కడ కనిపిస్తుంది, మనవాళ్లు తెలుగు ప్రశ్నని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. తెలుగు లిపిలో ఎంతమంది వెతుకుతున్నారో, ఇంగ్లీషు అక్షరాల్లో ఎంతమంది వెతుకుతున్నారో చూసుకుని శీర్షికలో, పేజీ చిరునామాలో దానికి తగ్గట్టు పెట్టుకోవాలి.

రేటు ఎక్కువని ఇన్సూరెన్సు, లోన్ల మీద రాద్దామని చాలామంది అడుగుతుంటారు. నిజమే, ఆ విషయాల్లో యాడ్స్ రేటు ఎక్కువ. కానీ డబ్బుకి, ఆరోగ్యానికి సంబంధించిన పేజీల్ని గూగుల్ చాలా కఠినంగా చూస్తుంది, బ్యాంకుల సొంత సైట్లతో పోటీ, పైగా మనకి తెలియని విషయం తప్పు రాస్తే నమ్మి చదివినవాడు నష్టపోతాడు. మీరు ఆ రంగంలో పని చేసినవాళ్లయితే తప్పకుండా రాయండి, లేకపోతే వద్దు. ఏఐతో రోజుకి యాభై పోస్టులు దింపేద్దామనేవాళ్లకి కూడా ఇదే చెబుతాను, ర్యాంకు కోసం కుప్పలుగా పేజీలు పుట్టించడాన్ని 2024 మార్చిలో గూగుల్ స్పామ్ నియమాల్లో పేరు పెట్టి మరీ చేర్చింది.

ఈ రెండిటికీ మధ్య ఇంకో పని ఉంది

నా సైటుకి అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది యాడ్స్ కాదు, కొత్త పోస్టులు కూడా కాదు, పాత పోస్టులు బాగుచేయడం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి కదా, అరకు, బొర్రా గుహలు, లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి, పాడేరు జిల్లా కేంద్రం అయింది, అనకాపల్లి వేరే జిల్లా అయింది. నా పాత పేజీల్లో అన్నీ విశాఖ జిల్లా అనే ఉన్నాయి. అవి సరిచేస్తూ, ప్రతి పేజీలో పనికిరాని పేరాలు తీసేస్తూ, బస్సులు, రైళ్ల సంగతులు మళ్లీ వెళ్లి చూసి రాస్తూ పోతే, ఒక్క కొత్త పోస్టు లేకుండానే జనం పెరిగారు. కొత్తగా రాసే పేజీ సున్నా నుంచి మొదలవ్వాలి, పాత పేజీ మీద గూగుల్‌కి ఇప్పటికే కొంత నమ్మకం ఉంటుంది, తేడా అక్కడే.

పండగల పోస్టులు ఏటేటా కొత్తగా రాయకండి. సింహాచలం చందనోత్సవానికి ఒకే పేజీ, గిరి ప్రదక్షిణకి ఒకే పేజీ. చిరునామాలో సంవత్సరం పెట్టకుండా ఉంచి, ఏటా తేదీ, టికెట్ల వివరాలు, బస్సులు ఎక్కడ ఆపుతున్నారు అన్నవి మార్చుకుంటూ పోవాలి. నేను మొదట్లో ఏటా ఒక పేజీ రాసి, నా పేజీలే ఒకదానితో ఒకటి కొట్టుకునేలా చేశాను. ఇప్పుడు పండగకి రెండు నెలల ముందే తెరిచి సర్దుతాను. ముప్పై రెండు కిలోమీటర్ల నడక ఎక్కడ మొదలై ఏ ఏ జంక్షన్ల మీదుగా వెళ్తుంది, పెద్దవాళ్లు ఎక్కడ కూర్చోవచ్చు, చెప్పులు ఎక్కడ పెట్టాలి అన్నవి నడిచినవాడు రాస్తేనే పనికొస్తాయి, అలాంటి పేజీని ఇంట్లో అందరికీ వాట్సాప్‌లో పంపుకుంటారు.

దీంతో పాటు పేజీల మధ్య లింకులు. బొర్రా గుహల పేజీ చదివినవాడికి అద్దాల బోగీ ఉన్న కిరండూల్ రైలు పేజీ అక్కడే కనపడాలి. ఒక్కో మనిషి ఒక పేజీ బదులు రెండు చూస్తే మీ పేజీ వ్యూస్ రెట్టింపు అయినట్టే, ఒక్క పోస్టు రాయకుండా, ఒక్క యాడ్ పెంచకుండా.

ఎవరికి ఏది

నా అనుభవంతో చెబుతున్న అంకెలు ఇవి, మీ సైటుని బట్టి అటూ ఇటూ చేసుకోండి. నెలకి పదివేల వ్యూస్ లోపు ఉంటే ఆటో యాడ్స్ (చోట్లు గూగులే ఎంచుకునే పద్ధతి) తక్కువ మోతాదులో పెట్టేసి ఆ సెట్టింగుల పేజీ మళ్లీ తెరవకండి, ఉన్న సమయమంతా రాయడానికే. రోజూ పొద్దున్న లేవగానే యాడ్‌సెన్స్ చూసుకుని టెన్షన్ పడటం వల్ల ఒక్క రూపాయి రాదు. పదివేల నుంచి యాభై వేల దాకా ఒక శని, ఆదివారం కూర్చుని యాడ్స్ ఒక్కసారి శుభ్రంగా సర్దుకుని, ఆ తర్వాత పాత పేజీలు బాగుచేయడం, వారానికి ఒక మంచి కొత్తది రాయడం. లక్ష దాటితే మూడు నెలలకి ఒక ఎక్స్‌పరిమెంట్ నడపడం న్యాయం, అప్పుడు ఒక్కో శాతానికి విలువ ఉంటుంది.

ఆదాయం పడిపోయినప్పుడు మాత్రం అంకెలు ఇంకోలా చదవాలి. వ్యూస్ బాగానే ఉండి ఆర్‌పీఎం పోయిన ఏడాది ఇదే కాలం కంటే తగ్గితే యాడ్స్ వైపు చూడండి, ఏదో అప్‌డేట్‌లో కోడ్ పోయి ఉండొచ్చు, మీ సైటులో యాడ్స్ అమ్మే హక్కు ఎవరికి ఉందో చెప్పే యాడ్స్.టీఎక్స్‌టీ ఫైలు చెడి ఉండొచ్చు, లేదా చదివేవాళ్ల దేశం మారి ఉండొచ్చు. ఆర్‌పీఎం బాగుండి వ్యూస్ తగ్గితే యాడ్స్ ముట్టుకోకండి, మీ పేజీల్ని ఎవరు దాటేశారో వెతకండి.

దేశం సంగతి అన్నాను కదా, అది తెలుగు సైట్లకి చాలా ముఖ్యం. తెలుగు పేజీలకి యాడ్‌సెన్స్ 2018లో వచ్చింది, అప్పటిదాకా తెలుగులో రాసి ఇలా సంపాదించే దారే లేదు. ఇప్పటికీ ఇంగ్లీషు పేజీలతో పోలిస్తే రేటు తక్కువే. కానీ అదే తెలుగు పేజీని అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు చదివితే రేటు మారిపోతుంది. అక్క రిపోర్టు దేశాల వారీగా తెరిచి చూస్తే, ఆవకాయ పేజీ, మాగాయ పేజీ అమెరికా నుంచి చదివేవాళ్లే ఎక్కువ, వ్యూస్‌లో అవి ఎక్కడో కింద ఉన్నా డబ్బులో పైన ఉన్నాయి. ఆవిడ రెండేళ్లుగా పన్నీరు కూరలు రాస్తోంది. ఇక్కడ దొరికే పచ్చిమామిడి అక్కడ దొరకనప్పుడు ఏం వాడాలి, నువ్వుల నూనె ఏది తీసుకోవాలి, ఆవపిండి చేదెక్కకుండా ఎలా పట్టుకోవాలి అని ఆ పాత పేజీల్లోనే రాయమన్నాను.

ఒక చిన్న మాట, ట్రాఫిక్ కాస్త ఉంటే యాడ్‌సెన్స్ ఒక్కదాన్నే నమ్ముకోనక్కర్లేదు. అరకు వైపు హోమ్‌స్టేలు, ఊళ్లో ట్రావెల్స్ వాళ్లు, కోచింగ్ సెంటర్లు నెలకి ఇంత అని నేరుగా ఇచ్చే యాడ్ ఒక్కోసారి మొత్తం యాడ్‌సెన్స్ కంటే మెరుగు. ఇది ప్రకటన అని పైన స్పష్టంగా రాయండి, అది డబ్బు తీసుకుని పెట్టిన లింకని గూగుల్‌కి తెలిసేలా కోడ్‌లో స్పాన్సర్డ్ గుర్తు పెట్టండి.

అక్క యాడ్స్ మార్చి మూడు వారాలు అయింది, ఎక్స్‌పరిమెంట్ ఇంకా నడుస్తోంది, కొత్త అమరిక వైపు అంకె బాగుంది కానీ ఆరు వారాలు నిండేదాకా ముట్టుకోవద్దని చెప్పాను. తమ్ముడు మైక్రోమీటర్ పోస్టు పూర్తి చేశాడు, నిన్న రాత్రి పంపాడు. ఫొటోలు వర్క్‌షాప్ లైటు కింద తీసినవి, థింబుల్ మీద గీతలు కనిపించట్లేదు, పగటి వెలుతురులో మళ్లీ తియ్యమన్నాను. తీశాక పెడతాడు.